ఎదురుకుర్చీ

లక్క కాగే వాసన తగిలితే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. నిన్న పాతబస్తీలో గాజుల గల్లీ దాటుతుంటే ఆ వాసనే వచ్చింది. అనసూయ మేడం గుర్తొచ్చారు.

చట్టసభ కమిటీ ఆఫీసులో ఆమె నా పై అధికారి. మంత్రులు ఉత్తర్వులతో చట్టాన్ని మారుస్తుంటే, ఆ అధికారం వాళ్లకు నిజంగా ఉందో లేదో చూసి కమిటీకి చెప్పడం మా పని. ఆమె గౌలిపురలో పాలు అమ్ముకునే ఇంటి ఆడబిడ్డ. ఏ ఉత్తర్వునూ ఒంటరిగా చదవనిచ్చేవారు కాదు. ఒకరు చట్టం పైకి చదవాలి, ఎదురుకుర్చీలో ఇంకొకరు ఉత్తర్వు మీద వేలు పెట్టి పోల్చుకోవాలి. "నీళ్లు కలిపినవా అని పాలు పోసేటోన్నే అడుగుతమా?" అనేవారు. నాకది చాదస్తంగా తోచేది.

ఆమె సెలవులో ఉండగా ఒక మంత్రిగారి ఉత్తర్వు వచ్చింది. చట్టం అమలులో ఇబ్బందులు తొలగించడానికని పైన రాసి ఉంది. ఒక్కడినే చదివి, అభ్యంతరం లేదని రాసి పంపేశాను. కమిటీ నా మాటే నమ్మింది. అభ్యంతరం చెప్పే గడువు దాటిపోయింది.

తిరిగొచ్చాక మేడం ఆ ఫైలు తెరిచారు. "చట్టం చదివినవా?"

"ఉత్తర్వు చదివిన మేడం. మంచిగనే ఉండె."

"నేనడిగిందేంది, నువ్వు చెప్పేదేంది?"

ఇంట్లో కార్ఖానా నడుపుకునేవాళ్లను ఖాళీ చేయించే ముందు వాళ్ల మాట వినాలని చట్టంలో ఉంది. ఉత్తర్వు ఆ సెక్షన్‌నే ఎత్తేసింది. సభ అంతా కూర్చుని చేసిన దాన్ని మంత్రిగారు ఒక్క కాగితంతో కోసేశారు. కాపలా ఉండాల్సిన నేను కత్తి అందించాను.

కొన్ని వారాలకు మేడం నన్ను నయాపూల్ దగ్గరి గల్లీలో ఒక ఇంటికి తీసుకెళ్లారు. ఆమె తమ్ముడు పాలు పోసే ఇల్లది. అక్కడ సుల్తానా బీ లక్కగాజులు చేసే గదికి అధికారులు తాళం వేశారు. బయట పడేసిన పొయ్యి పక్కన ఆమె కూర్చుని ఉంది. పక్కింట్లో ఇంకా లక్క కాగుతోంది.

"ఒక్క మాట గూడ అడగలే బేటా," అంది నాతో. "అడిగితే చెప్తుంటి, ఇర్వై ఏండ్ల సంది గీడనే చేస్తున్న అని."

"అడగాలని చట్టంల ఉండె బీబీ. పోనిచ్చింది మా ఆఫీసే," అన్నారు మేడం. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

రిటైరయ్యేదాకా ఆమె ఆ సెక్షన్ కోసం నోట్ల మీద నోట్లు రాశారు. గడువు దాటిందన్న ఒకే జవాబుతో అన్నీ వెనక్కి వచ్చాయి. తర్వాత ఆమే పోయారు. తాళం మాత్రం అలాగే ఉంది. ఆ మంత్రిగారిని ఎవరూ ఏమీ అడగలేదు, నన్నూ అడగలేదు.

ఇప్పుడు ఆమె బల్ల నాది. ఈ ఉదయం మరో ఉత్తర్వు వచ్చింది, మళ్లీ ఇబ్బందులు తొలగించడానికే. బదిలీ మీద కొత్తగా వచ్చిన శ్రీనివాస్, "రెండే పేజీలు సార్, నేనొక్కన్నే చూస్త," అన్నాడు.

ఎదురుకుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"చట్టం తియ్యి. పైకి చదువు. తాళం ఎవరి గదికి పడుతదో తెలిసేదాక లేవద్దు."