మిరపగోనెల బొంతలు

తింటున్న అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ మాటకే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి.

పాతికేళ్ళు నిండని రోజుల్లో నేను నందిగామలో ఒక మిరపకాయల కొట్టులో గుమాస్తాని. కొట్టు ముందు పొడవాటి అరుగు ఉండేది. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు పదిమంది దాకా దానిమీదే పడుకునేవారు. వాళ్ళకు పెద్ద దిక్కు ఒక మామ్మ. పగలంతా బస్సుల దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మేది, సాయంత్రం అరుగెక్కి అందరినీ ఏలేది. ఆవిడ కేక వేస్తే కదిలిన బస్సు కూడా ఆగేది.

చలికాలం వస్తే అరుగు మీదివాళ్ళు చితుకులు పోగేసి మంట వేసుకుని, దానికేసి కాళ్ళు చాపుకుని నిద్రపోయేవారు. ఆ ఏడు చలికి మామ్మ పాదాలు మొద్దుబారిపోయాయి. మొద్దుబారిన కాలికి సెగ తెలియదు. పక్కవాడు వాసన పసిగట్టి ఆవిడని ఇవతలికి లాగేసరికే మడమ బొబ్బలెక్కింది.

నేను ఆసుపత్రికి తీసుకుపోతే కాంపౌండరు కట్టు కడుతూ కేకలేశాడు.

"ఇంకోసారి కాలిందంటే పాదం తీసెయ్యాల్సిందే మామ్మా. నిప్పు జోలికి పోమాక."

"క్రిస్మస్ ఊరేగింపులో నడవొద్దా నేను? ముందు వరస నాదేనయ్యా."

"పాదం ఉంటేగా నడిచేది!"

మామ్మ వంగి ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

తిన్నగా మా కొట్టు షావుకారు దగ్గరికి పోయాను.

"పాత గోనెలు ఇప్పించండి. బొంతలు కుట్టి అరుగు మీదివాళ్ళకి ఇస్తా."

"పన్లో పని నిన్ను కూడా లోపల పెట్టి కుట్టెయ్యమను, కొట్టు ప్రశాంతంగా ఉంటది" అంటూనే ఇప్పించాడు.

చందర్లపాడు నుంచి వచ్చిన బండిలో వరిగడ్డి తీసుకున్నాం. గోనెల్లో గడ్డి కూరి, దబ్బనం, పురికొసలతో బొంతలు కుట్టాం. ఒక్కటే షరతు పెట్టాను. మంట అరుగుకి దూరంగా వేసుకోవాలి, పడుకోబోయే ముందు నీళ్ళు పోసి ఆర్పెయ్యాలి. గడ్డి పక్కన నిప్పుంటే చలి ఏమో గానీ అరుగే మిగలదు.

అంతా బాగానే ఉంది. కాకపోతే మా కొట్లోవాళ్ళ ముక్కులు ఘాటుకు ఎప్పుడో చచ్చిపోయాయి. ఆ గోనెల్ని అందరం వాసన చూసి, మల్లెపూలలా ఉన్నాయనుకున్నాం.

తెల్లారి కొట్టు తెరవడానికి వెళ్తే అరుగు మొత్తం తుమ్ముతోంది. ఒకరు ఆపితే ఒకరు అందుకుంటున్నారు. ఆ తుమ్ములు అవతల చిల్లకల్లు ఊరి దాకా వినిపించాయి. బెజవాడ బస్సు డ్రైవరు టైరు పేలిందనుకుని కిందికి దిగి చూసుకున్నాడు. మామ్మ కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి.

"ఒరే అబ్బాయ్, మమ్మల్ని వెచ్చగా పడుకోబెడతానన్నావా, పచ్చడి పెడతానన్నావా?"

"పొరపాటైంది మామ్మా."

"ఒళ్ళంతా భగభగా మండుతోంది. దీనికంటే నిప్పే నయం కదరా!"

అన్నట్టే సాయంత్రానికి కుంటుకుంటూ చితుకులు ఏరడం మొదలెట్టింది. ఇంటికి పరుగెత్తి నా ఉన్ని రగ్గు తెచ్చి ఆవిడ పాదాలకి చుట్టాను.

"ఈ ఒక్క పూటకి దీంతో సరిపెట్టుకో. రేపు గోనెలన్నీ ఉతికిస్తా."

"రగ్గుకి నీ బీడీ కంపురా" అంది. కాళ్ళు మాత్రం తియ్యలేదు.

మర్నాడు అందరం మునేటి ఒడ్డుకి పోయాం. కుట్లు విప్పి, గడ్డి పారబోసి, గోనెల్ని బండలమీద బాదాం. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ వారం ఏటికి దిగువన కీసర దగ్గర పట్టిన చేపలకి కారం వెయ్యాల్సిన పనే లేకపోయింది, ఉప్పూ చింతపులుసూ పడితే చాలు. ఈ సంగతి తెలిసి షావుకారు గొంతు తగ్గించి, "మన కొట్టు సరుకని చెప్పావా లేదా?" అని అడిగాడు.

ఇసుకలో ఆరేసిన గోనెల్ని మామ్మ ఒక్కొక్కటే మొహానికి ఆనించుకుని చూసింది. ఆవిడ తుమ్మలేదంటేనే ఆ గోనెలో కొత్త గడ్డి పడింది. ఆ సాయంత్రం చెంబెడు నీళ్ళు తనే మంటమీద కుమ్మరించి, "ఇంక పోయి పడుకోండర్రా" అని అందరినీ తరిమింది. ఆ చలికాలంలో అరుగు మీద మళ్ళీ ఎవరికీ కాలలేదు.

మడమ మానింది. క్రిస్మస్ నాడు మామ్మ ముందు వరసలో, పేట ఈ చివర నుంచి ఆ చివరి దాకా, పాడుకుంటూ నడిచింది. రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న కాంపౌండరుకి కాలెత్తి మడమ చూపించింది కూడా.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. చేపల సంగతి అనుకుంటున్నారేమో, దాని జోలికి రాకండి. నేను కల్పించింది ఆ చివరిదాకా నడవడం. సగం దూరం నడిచి, "మిగతా సగం నువ్వు నడవరా" అని మామ్మ నా వీపెక్కింది. పాట తాళానికి నా డొక్కల్లో తన్నుతూనే ఉంది, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, రెండు పాదాలతోనూ.