నారాయణగూడ నుంచి అశోక్‌నగర్‌కు, ఒళ్లె నైట్రోజన్ ఫ్లాస్క్

మా స్వప్నక్క ఇంజినీరింగ్ చదువుతది. ఆమె, ఆమె దోస్తులు కలిసి అంతరిక్షంలకు పంపే టెలిస్కోప్‌కు ఒక కెమెరా డిజైన్ చేస్తున్నరు. మన కంటికి ఆనని వేడి వెలుగును అది చూస్తది. ఆ వెలుగును విడగొట్టి, సుక్కల నడుమ ధూళిల ఏమున్నదో చెప్పే స్పెక్ట్రోమీటర్ గూడ దాంట్లనే. కెమెరాను మస్తు సల్లగ ఉంచాలె, లేకుంటే దాని ఒంటి వేడే దానికి కనబడుతది. నిన్న అశోక్‌నగర్ల అక్క రూంల నమూనాకు టెస్ట్. డిజైన్ ఉంచాల్నా ఆపాల్నా అని చెప్పే సారు సాయంత్రం రైలుకు పోతడు. సల్లబరిచే లిక్విడ్ నైట్రోజన్ నారాయణగూడల గ్యాస్ షాపుల ఉన్నది. అక్క కెమెరా కాడినుంచి కదలరాదు, గందుకే నేను పోయిన.

"మూత వదులుగ ఉంచురా," అని ఫోన్ల చెప్పింది. "లోపల మసులుతనే ఉంటది, గాలి బయటికి పోవాలె. బుస్సుమంటుంటే భయం లేదు. సప్పుడు ఆగితేనే భయం."

మధ్యాహ్నం నైట్రోజన్ ఫ్లాస్క్ ఒళ్లె పెట్టుకుని ఆటో ఎక్కిన. వంద అన్నడు, సరే అన్న, నాకు బేరమాడ రాదు. డ్రైవరన్నది పాలమూరు. ఫ్లాస్క్‌లకెళ్లి వచ్చే తెల్లపొగ చూసి సిగ్నల్ కాడ ఎనుకకు తిరిగిండు. "తమ్మీ, సల్లదనమంత పోతున్నది. మా దిక్కు ఐసుడబ్బకు గోనెసంచి గట్టకుంటే నీళ్లే మిగుల్తయ్." తన తడి తువ్వాల మూత మీద కప్పి, తాడుతోని బిగిచ్చి కట్టిండు. వద్దు అందామనుకున్న, గని ఫ్లాస్క్‌నే ఇంకింత దగ్గరికి పట్టుకున్న.

చిక్కడపల్లిల ట్రాఫిక్ ఆగింది. బుస్సు సప్పుడు తగ్గింది. కొంచెం సేపటికి మొత్తానికే ఆగింది, తడి తువ్వాల గడ్డకట్టి మూత సందు మూసుకపోయింది. షాపోళ్లిచ్చిన మందపు గ్లౌజులతోని ముడి విప్పబోయిన, రాలే. "అన్నా, ఆపు," అన్న. హారన్లల్ల కలిసిపోయింది. మళ్లొకసారి గట్టిగ అరిసిన, పక్క స్కూటరోళ్లు గూడ తిరిగిండ్రు.

"ఏందిరా, కడుపుల తిప్పుతున్నదా?"

"మూత తీయకుంటే పేలుతది, అన్నా."

ఆయన ఉరకలే. సీటు కింద బ్లేడు తీసి, మొఖం పక్కకు తిప్పి తాడు కోసిండు. మూత ఎగిరి పైన టాపుకు తాకింది, ఆటో అంత తెల్లగైంది. మళ్ల బుస్సుమన్నది.

"ముందే చెప్పరాదా?"

"సిగ్గైందన్నా."

"నీ సిగ్గుతోని నన్ను గూడ పైకి పంపుతుంటివి."

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి అశోక్‌నగర్ చేరేసరికి ఫ్లాస్క్ తేలికైంది. పైదాక ఆయనే పట్టుకొచ్చిండు. అక్క ఉన్నదంత కెమెరా చుట్టున్న డబ్బల పోసింది. ల్యాప్‌టాప్ల, కెమెరాకు కనబడే వేడిని చూపే గీత గజగజ ఎగురుతున్నది. సారు గడియారం చూస్తున్నడు, బ్యాగు చేతులనే ఉన్నది. గీత మెల్లగ పడుకున్నది. "ఏదన్న వేడిది ముందట పెట్టుర్రి," అన్నడు సారు. డ్రైవరన్న ముందుకొచ్చి చెయ్యి పెట్టిండు. గీత లేసింది. తీసిండు, పడ్డది. మళ్ల పెట్టిండు, మళ్ల లేసింది. సారు బ్యాగు కింద పెట్టి కుర్సీల కూసున్నడు. "ఆపొద్దు, చెయ్యుర్రి," అన్నడు అక్కతోని.

రాత్రి పండుకుని ఆ కెమెరా గురించే సోంచాయించిన. తన వేడి తగ్గితే గని దానికి ఎదుటోడి చెయ్యి కనబడలే. ఆటోల నాకు గూడ నా సిగ్గే కనబడ్డది, ముందట కూసున్న మనిషి పానం కనబడలే. మీరు గూడ గిట్ల ఫ్లాస్క్ తీస్కపోతే, ఎక్కకముందే డ్రైవర్‌కు చెప్పుర్రి, మూత ముట్టొద్దని. చెప్పనీకి సిగ్గైతే, అట్ట మీద రాసి మెడల ఏసుకోర్రి.