ఏడు ఫోన్ల నేరం

బడి పిల్లల చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో ఆమె పద్దెనిమిదేళ్లుగా కాలర్లు మాత్రమే కుడుతోంది. అందుకే అందరికీ కాలరక్క. పాట లేనిదే ఆమె సూది కదలదు. పొద్దున్నే ఫోను మిషను పక్కన పెట్టి, చెల్లెలి పాట వెతికి మరీ వేసుకుంటుంది. చెల్లెలు సంగీతం టీచరు. మూడేళ్లు తంటాలు పడి ఒకే ఒక్క పాట రికార్డు చేసి యాప్‌లో పెట్టింది.

ఆ పాట అవగానే యాప్ తనంతట తనే ఇంకోటి అందుకునేది. ఎప్పుడూ ఊరంతా మోగే ఆ పాటే.

“నిన్నెవడు అడిగాడురా?” అని కాలరక్క ఫోన్ను కసిరేది.

“ఎక్కువమంది వినేదే వేస్తుందట అక్కా,” అంది గుండీలు కుట్టే ఆమె.

“వెయ్యకపోతే వినేదెలా? వినకపోతే వెయ్యదా? పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! ఇదేం న్యాయమే?”

దానికామె కనిపెట్టిన మందు: షెడ్డులోని ఏడుగురి ఫోన్లలోనూ చెల్లెలి పాటే, పని సాగినంతసేపూ. ఒకటి పైకి పాడేది. మిగతా ఆరూ శబ్దం తగ్గించుకుని గుడ్డపేలికల కింద తిరిగేవి.

పన్నెండో రోజు యాప్‌లోంచి ఆ పాట మాయమైంది. చెల్లెలు ముఖం గంటు పెట్టుకుని షెడ్డుకొచ్చింది.

“వింటున్నది మనుషులు కాదట, యంత్రాలట. ఎవరక్కా ఈ పని చేసింది?”

“నేనే. యంత్రాన్నా నేను? వచ్చి చూడమను, వంగి వంగి నొప్పెట్టే నా నడుమే సాక్ష్యం చెబుతుంది!”

తప్పు చేసిందా? చేసింది. ఆరు ఫోన్లు ఎవరూ వినని పాటను తిప్పాయి. కానీ ఏడుగురు కావాలని ఒక పాట మోగిస్తే మోసం, అడగని పాటను లక్షమంది చెవుల్లో పోస్తే సిఫారసు! వినేవాళ్లదే తీర్పు అని యాప్‌వాళ్లు గోడలకు బొమ్మలు అంటిస్తారు. తీర్పరి నోట్లో గుడ్డ కుక్కి, తీర్పు మాత్రం తామే చదువుతారు.

“తిరిగి పెట్టరా మరి?”

“పెడతారు. ఒకటి ఒప్పుకోవాలి.” చెల్లెలు తన ఫోను తెరిచి ‘ఒప్పుకుంటున్నాను’ అన్న మీట చూపించింది. “ఆ ఫోన్లవాళ్లెవరో నాకు తెలియదనీ, వాళ్లతో నాకే సంబంధమూ లేదనీ.”

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

“నేను నొక్కను. పోతే పోనీ అక్కా.”

“పోతే పోనీయా? నువ్వు రికార్డింగుకు పోయిన ప్రతిసారీ నీ పిల్లల్ని సాకింది ఇందుకేనా?”

కాలరక్క ఫోను లాక్కుంది. సుద్ద అంటిన బొటనవేలితో, అద్దం పగులుతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది.

“ఇదిగో, నీకు అక్క లేదు. ఇప్పుడు వెయ్యమను!”