ఎడమ పక్క నెమలి

మా వీధి చివరి స్టీలు సామాన్ల అంగట్లో గిన్నెల మీద పేర్లు రాసే మిషన్ గీమంటుంటే నా పళ్లు జివ్వుమంటాయి. ఆ రాతకు లోతుండదు, గోకినట్టుంటుంది. నిన్న ఆ అంగడాయనతో దెబ్బలాడాను. ఎందుకో చెప్పాలంటే ముందు జిలానీ ఉస్తాదు గురించి చెప్పాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బజారులో ఇత్తడి బిందెల మీద ఉలితో పేర్లు కొట్టి బతికేవాణ్ణి. లైసెన్సు తుపాకుల మీద తీగలూ పక్షులూ చెక్కే పని మా వైపు ఉస్తాదుకే తెలుసు. నేర్పమని వెళితే నా ఉలి తీసుకుని చూసి, దీంతో చింతపండులో గింజలు తీసుకోమన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తే. నెలల తరబడి రాగిరేకు మీద ఒకే తీగ చెక్కించి, సాయంత్రానికి దాన్ని ఆకురాయితో రాసి చెరిపేసేవాడు. చెక్కిందాన్ని కళ్లు మూసుకుని బొటనవేలితో తడమమనేవాడు. వేలికి గరుకు తగిలితే గీత చెడినట్టే.

ఒకసారి కోయిలకుంట్ల వైపు నుంచి ఒక రెడ్డి కొత్త తుపాకి తెచ్చాడు. దాని మీట నొక్కితే పడే గుర్రానికి రెండు పక్కలా ఉండే ఉక్కు రేకుల మీద చెరొక నెమలి కావాలన్నాడు. నన్ను చూసి, ఈ బిందెలోడు మాత్రం దీన్ని ముట్టకూడదన్నాడు. ఉస్తాదు తలూపాడు. రెడ్డి మాటకన్నా ఆ తలూపడమే నన్ను కోసింది. రెడ్డి వెళ్లాక మాత్రం ఎడమ రేకు ఊడదీసి, చెక్కమని నా ముందు పెట్టాడు.

తీసుకుపోవడానికి వచ్చిన రోజు రెడ్డి ఎడమ పక్క నెమలినే నిమిరి, సాయిబూ, నీ చెయ్యి నీ చెయ్యే అన్నాడు. ఉస్తాదు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. తెల్లారగానే బస్సెక్కి ఆ ఊరికి పోయి, రెడ్డి గడప ముందు నిలబడి, ఆ నెమలి నాదని చెప్పి వచ్చాను. ఆయన నన్ను కూర్చోమని కూడా అనలేదు.

మర్నాడే రెడ్డి తుపాకి పట్టుకుని ఉస్తాదు అంగడి ముందు దిగాడు. ఆయన బంధువులంతా ఉస్తాదు దగ్గరికే వచ్చేవాళ్లు. రెడ్డి కాదంటే మాకు పని ఉండదని వీధిలో అందరికీ తెలుసు.

"ఏం సాయిబూ, ఎడమ పక్కది నాదంటాండాడు ఈ బిందెలోడు. నిజమేనా?"

"నిజమే రెడ్డీ."

"వద్దని చెప్పింటి గదా."

"చెప్పినావు. ఆ పొద్దు నేను తలూపింది తప్పు. నువ్వు నిమిరింది వాని నెమల్నే. రెండూ ఒక తుపాకి మీద ఉండకూడదంటే ఈడ పెట్టిపో, నాది ఆకురాయితో రాసి చెరిపేస్తా."

రెడ్డి రెండు పక్కలా వేలితో తడిమాడు. తుపాకి తీసుకుని వెళ్లిపోయాడు.

"బస్సెక్కి పోయి కొట్లాడొస్తివే. నన్నడిగింటే సరిపోయేది గదప్పా," అన్నాడు ఉస్తాదు.

"అడిగితే చెప్పేవాడివా?"

"లేదు. నాతో నిజం చెప్పించేటోడు ఒకడు కావాల, అందుకే నువ్వు ఈడనే ఉండు."

పంటలు ఇంటికొచ్చాక రెడ్డి బావమరిది తన తుపాకి తెచ్చి, ఉస్తాదును దాటి నా ముందు పెట్టాడు. మా బావ దానికి ఎడమ పక్క ఉండాదే, అట్లాంటిదే కావాలన్నాడు. ఉస్తాదు తన ఉలుల పెట్టె నా వైపు జరిపాడు. రెడ్డి మాత్రం నన్ను చివరిదాకా బిందెలోడనే పిలిచాడు. అది కూడా నేను మర్చిపోలేదు.

నిన్న ఆ స్టీలు అంగట్లో ఒకావిడ గ్లాసు మీది అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని అంగడాయన్ని మెచ్చుకుంది. ఆయన చేతులు జోడించాడు. రాసింది వెనక మిషన్ దగ్గర కూర్చున్న రమీజా అనే పిల్ల. ఎవరు రాశారో చెప్పేదాకా కదలనన్నాను. ఆవిడ ముందే గొడవ పెట్టుకున్నాను. చివరికి ఆయన విసుగ్గా ఆ అమ్మాయి పేరు చెప్పాడు. రమీజా తల వంచుకునే గ్లాసు నా చేతికిచ్చింది. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమాను. గరుకు తగల్లేదు. ఆ మాట కూడా అందరికీ వినపడేట్టే చెప్పాను.