చెత్త అని నేర్పిన మాటలు

ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్లో ఉంటూ, ప్లాంటులో షిఫ్టులు చేస్తూ, మిగిలిన టైములో నేనొక బ్లాగు నడిపేవాణ్ణి. తెలుగులో బ్లాగులు కొత్తగా వస్తున్న రోజులవి. మాది చోడవరం వైపు చెరకు పండించే కుటుంబం. నేను సముద్రాన్ని దగ్గరగా చూసింది ఉద్యోగంలో చేరాకే. అయినా నా కథలన్నీ జాలర్ల మీదే. చదివేవాళ్ళు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండేవారు కనక నేను ఏది రాస్తే అదే సముద్రం.

ఒక కథలో నా జాలరి ఒంటరిగా తెప్ప మీద నడిసముద్రంలోకి పోయి అలివి వల వేస్తాడు. దాని కింద ఒక వ్యాఖ్య వచ్చింది.

"అలివి ఒక్కడెయ్యగలడేటి బాబూ? ఒడ్డు మీద ఊరంతా నిలబడి లాగాల. కత బాగుంది. ఇదొక్కటీ మార్సు."

రాసినాయన భీమిలి దగ్గర జాలరి కుటుంబంలో పుట్టి, పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. తగరపువలసలో ఇంటర్నెట్ సెంటరుకి బస్సులో వచ్చి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తానని తనే రాసుకున్నాడు. ఆయన ఎగతాళి చేయలేదు. చేసినా బాగుండేది. మర్యాదగా చెప్పిన తప్పుని పదిమందీ చూశారు. నా ఒళ్ళు మండింది.

బ్లాగుకి ఒక ఫిల్టరు పెట్టుకున్నాను. మందుల ప్రకటనలు, జూదం లింకులు పేజీ మీద పడకుండా పక్కన పడేస్తుంది. మనం ఒక వ్యాఖ్యని చెత్త అని చూపిస్తే, అందులోని మాటలన్నీ ఒక టేబుల్లో రాసుకుని, అవే మాటలు మళ్ళీ వస్తే పసిగడుతుంది. ఆయన వ్యాఖ్యని చెత్త అని చూపించాను. తరవాత వచ్చిన ఐదారింటినీ అలాగే చేశాను. ఆ పైన నేను చేయాల్సిన పని లేకపోయింది. నాను, ఏటి, సెప్పు, సేప — ఈ మాటలు చెత్త అని ఫిల్టరు నేర్చేసుకుంది. మా అమ్మ ఇంట్లో మాట్లాడేదీ ఆ మాటలే. అది నాకప్పుడు తట్టలేదు.

ఏడాది తరవాత ఆ టేబుల్ పాడైంది. సర్వర్లో జాగా నిండిపోయి, రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయిందట. ఫిల్టరు చూసుకోడానికి ఏమీ లేక వచ్చినవన్నీ వదిలేసింది. వరసగా మూడు రోజులు షిఫ్టులుండి నేను చూడలేదు. ఆదివారం పొద్దున్న తెరిస్తే పేజీ నిండా మందుల లింకులు, వాటి మధ్య ఆయన.

"ఇన్నాళ్ళకి నా మాట కనబడతంది బాబూ. సంతోసం."

దాని కింద ఇంకో రెండు వ్యాఖ్యలు, చిన్నప్పుడు తండ్రితో వేటకెళ్ళిన సంగతులు. హైదరాబాదు పాఠకురాలొకామె, మీ నాన్నగారి గురించి ఇంకా రాయండి, ఇలాంటివి ఎక్కడా చదవలేదు అని అడిగింది. నా కథ గురించి ఆమె ఒక్క ముక్క అనలేదు.

నేను రిపేరుకి కూర్చున్నాను. మొదటిసారి రిపేరు కమాండు ఇస్తే జాగా చాలదని ఆగిపోయింది. పాత ఫైళ్ళు తీసేసి, టేబుల్‌కి ఒక కాపీ పెట్టుకుని, మళ్ళీ ఇచ్చాను. కొన్ని వరసలు పోయాయి గానీ మిగతావి నిలిచాయి. టేబుల్ ఖాళీ చేసి మొదటినించీ నేర్పుకునే దారి కూడా ఉంది. అదే సులువు. నేను ఆ పని చేయలేదు.

బాగైందో లేదో పరీక్షించాలి కదా. ఆయన వ్యాఖ్యల్లోంచి ఒకటి కాపీ చేసి, వేరే పేరుతో నేనే పెట్టి చూశాను. క్షణంలో చెత్తలోకి పోయింది. తృప్తిగా అనిపించింది. మందుల లింకులతో పాటు ఆయన రాసినవీ, ఆ పాఠకురాలు అడిగిందీ తుడిచేసి, భోజనానికి లేచాను.

ఆయన మాత్రం ఆమె అడిగింది చదివే ఉన్నాడు. వారం తిరక్కుండా చెత్తలో ఆయనది పెద్ద వ్యాఖ్య పడి ఉంది. తండ్రి తెడ్డుని నీళ్ళలో ముంచి, పిడికి చెవి ఆనించి, కవ్వళ్ళు అనే చేపల గుంపు ఎటుందో వినేవాడట. "సెవుడొచ్చినాక కూడా తెడ్డుకి సెవెట్టీవోడు బాబూ. మేమెవులమూ ఏటీ అనీవోలం కాదు. ఆడు సూపించిన సోటే వల ఎసీవోలం. సేపలు పడకపోయినా ఎసీవోలం."

దాన్ని చదివింది లోకంలో నేనొక్కణ్ణే. రెండు సార్లు చదివి, నా భాషలోకి మార్చి, కథ చేసి ఒక పత్రికకి పంపాను. వేశారు. నేను రాసినవాటిలో జనం మెచ్చుకున్నది అదొక్కటే.

తరవాత నగరంలో ఒక సాహిత్య సభకి పిలిచారు. సభ అయ్యాక నలుగురితో నిలబడి టీ తాగుతుంటే, తెల్ల చొక్కా వేసుకున్న ముసలాయన పత్రిక పట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మా అయ్య తెడ్డు కత ఎట్టినావు బాబూ. నా మాటలు నీకు సేరతన్నాయో లేదో అనుకున్నాను."

పక్కవాళ్ళు నా వైపు చూశారు. నేను కప్పు కింద పెట్టి, "మీరెవరో పొరబడ్డారండి. అది మా తాతగారి సంగతి" అన్నాను.

"మీ తాత యాటకెల్లీవోడా?"

"అవును."

"ఏ ఊరు బాబూ?"

భీమిలి దగ్గర అన్నాను. ఆ తీరంలో ఆయనకి తెలియని ఇల్లుండదు. నలుగురిలో నన్ను నిలదీయడానికి ఆయనకి ఒక్క ప్రశ్న చాలు. అడగలేదు.

"అయితే నానే మర్సిపోయుంటాను" అని, పత్రిక మడిచి చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత చెత్తలో ఆయన మాటలు కనబడలేదు. రెండు నెలలు చూసి, ఏదో పని కల్పించుకుని తగరపువలస వెళ్ళాను. సెంటరతను ఆయన్ని గుర్తుపట్టాడు.

"రాడం లేదండి. ఆరే సెప్పినారు, ఇంక రాయనని. ఆల నాన్నగోరి గురించి రాసీవోరు. మీరేటవుతారండి?"

ఏమీ కానని చెప్పాను. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాను. అప్పుడు నాకు సిగ్గు కలిగిందని రాస్తే బాగుంటుంది. కలిగింది ఊరట. ఆకలి కూడా వేసింది. హైవే పక్కన కొట్లో నాలుగు ఇడ్లీలు తిని, ఇంటికెళ్ళే బస్సెక్కాను.