నాలుగో ముడి

పెళ్లికి మూడు ముళ్ళు చాలు. ఊపిరితిత్తికి కూడా మూడే చాలనేవారు మా పెద్దసార్. రక్తనాళానికి గుండె వైపు రెండు, తిత్తి వైపు ఒకటి, ఆ మధ్యలో కత్తెర. పెళ్లిలో ముళ్ళు పడ్డాక కత్తెరతో పనిలేదు, మా దగ్గర ఉంది. అంతే తేడా.

పంతొమ్మిది వందల డెబ్బైలు ముగిసే రోజుల్లో వరంగల్‌లోని ఒక చిన్న ఛాతీ దవాఖానలో నేను ఆయనకు ఆపరేషన్లలో సాయం చేసేవాడిని. ఆ దవాఖాన ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఫంక్షన్ హాలు లేచింది కనుక, అక్కడ ముళ్ళు వేయడం మాత్రం ఆగలేదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది క్షయ తగ్గినా ఊపిరితిత్తిలో ఒక భాగం చెడిపోయి, దగ్గితే రక్తం పడేవాళ్లు. ఆ భాగాన్ని తీసేయాలి. తీయడం పెద్ద కష్టం కాదు. తీసే ముందు దానిలోకి పోయే నాళాలను మూయడమే కష్టం. సన్న నాళాల కోసం ఒక కరెంటు మిషన్ ఉండేది. దాని కొస తాకిస్తే నాళం చుర్రుమని మాడి మూసుకునేది. మిషన్ వచ్చింది గానీ దాంతోపాటు కరెంటు వస్తుందన్న హామీ రాలేదు. ఇంట్లో ఏదైనా మాడిన వాసన వస్తే నా భార్య పొయ్యి దగ్గరికి పరుగెత్తేది, నేను మాత్రం హమ్మయ్య, రక్తం ఆగింది అనుకునేవాడిని. ఆ కాలంలో మా ఇంట్లో పప్పు గురించి నా అభిప్రాయం ఎవరూ అడగకపోవడానికి కారణం అదే.

పెద్ద నాళాల దగ్గర నిప్పు పనికిరాదు. గుండె నుంచి తిత్తిలోకి వచ్చే ధమని చూడటానికి వేలంత లావుంటుంది, దాని గోడ మాత్రం తడిసిన ఉల్లిపొర. ఎక్కువ బిగిస్తే చిరుగుతుంది, తక్కువ బిగిస్తే ముడి జారుతుంది. జారితే, గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఛాతీలోకి దూకుతుంది. ఇప్పుడైతే ఒక్క నొక్కుతో రెండు వైపులా పిన్నులు కొట్టి మధ్యలో కోసే పరికరాలున్నాయి. మాకు పట్టుదారమే దిక్కు.

"పట్టుదారం ఉంటె సరిపోదయ్యా, దారం మీద పట్టు ఉండాలె," అనేవారు పెద్దసార్. "మల్లెపూల దండ కడ్తరు చూడు, గట్ల. పువ్వు నలగొద్దు, దండ జారొద్దు."

ఆయన థియేటర్లో 'కట్' అనే ఇంగ్లిషు మాట మీద నిషేధం ఉండేది. మాస్కు వెనక నుంచి 'కట్', 'కట్టు' ఒక్కలాగే వినిపిస్తాయి. అర్థాలు మాత్రం బద్ధశత్రువులు. "నేను కట్టుమంటె నువ్వు కట్ చేస్తే, పేషెంటు టికెట్ కట్," అనేవారు. అందుకని మా భాషలో రెండే క్రియలు: కట్టు, తెంపు. ఆయన కట్టేవారు. నేను కత్తెర పట్టుకుని రెండో మాట కోసం ఎదురుచూసేవాడిని. కొత్తగా పెళ్లయినవాణ్ణి కదా, చెప్పిన మాట వినడం ఇంటా బయటా అలవాటైపోయింది.

1980 దాటాక ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. మొదట టీ కప్పు చెప్పింది, సాసర్‌తో గలగలమని. తర్వాత దారం చెప్పింది. మంచి ముడి నాళం మీద అదిమి కూర్చుంటుంది. ఆయన ముళ్ళు ఎడంగా నిలబడటం మొదలుపెట్టాయి. నాకు కనిపించింది. దారాలూ సూదులూ అందించే సిస్టర్‌కూ కనిపించింది. ఇద్దరం ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకుని, వెంటనే వేరే దిక్కు చూశాం.

కుర్చీ కాలికి దారం చుట్టించి, కళ్లు మూయించి, ఒంటిచేత్తో ముడి వేయడం నాకు నేర్పింది ఆయనే. ఆ మనిషితో "మీ ముడి వదులైంది సార్" అని ఎట్లా చెప్పను? చెప్పే ధైర్యం లేక, చెప్పకుండా గడిపే తెలివి తెచ్చుకున్నాను. చెడిన భాగం బయటికి వచ్చాక పెద్దసార్ దాన్ని పక్క బల్ల మీదికి తీసుకుపోయి కోసి పరీక్షగా చూసేవారు. ఆ కాస్త సందులో నేను ధమని మొదలును సూదితో గుచ్చి, దారం చుట్టూ తిప్పి, ఇంకో ముడి వేసేవాడిని. గుచ్చి కట్టిన ముడి జారదు. అడగకుండానే సిస్టర్ సూది నా చేతిలో పెట్టేది. అట్లా మా పెళ్లిళ్లకు నాలుగో ముడి వచ్చింది.

దాన్ని నేను గురుభక్తి అనుకున్నాను. నాళం తెంపడానికీ నా నాలుగో ముడి పడటానికీ మధ్య కాలం ఉందనీ, అంతసేపూ ఒక మనిషి ప్రాణం వదులు ముడి మీద ఆనుకుని ఉందనీ తెలుసు. తెలిసినదాన్ని తలచుకోకుండా ఉండటం ఎంత సులువో అప్పుడే నేర్చుకున్నాను. అది మాత్రం ఎవరూ నేర్పలేదు.

అట్లా సాగుతుండగా సుబేదారి నుంచి ఒకాయన వచ్చాడు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు. ఎడమ తిత్తి కింది భాగం చెడి, ఊదుతుంటే నోట్లో రక్తం వచ్చిందట. ఆపరేషన్ అంటే భయపడలేదు, పాట పోతుందేమోనని భయపడ్డాడు.

"డాక్టర్ సాబ్, సగం తీసేస్తే సగం పాటే వస్తదా?" అని అడిగాడు.

"నీ పాట విన్నోళ్లు సగమే చాలంటున్నరు గదా," అన్నారు పెద్దసార్.

క్లారినెట్ ఆయన నవ్వబోయి దగ్గాడు. పెద్దసార్ వీపు మీద చేయి వేసి, "ఫికర్ చెయ్యకు. మిగిలింది పని నేర్చుకుంటది," అన్నారు.

మర్నాడు పొద్దున ఛాతీ తెరిచాం. ధమని బయటపడింది. పెద్దసార్ మొదటి ముడి వేశారు. పరవాలేదు. రెండోది వేస్తుంటే దారం ఆయన వేళ్ల మధ్య కంపించింది. ముడికీ నాళానికీ మధ్య సూదిమొన పట్టేంత సందు. అప్పుడు చూస్తే మొదటిది కూడా మెల్లగా సడలుతోంది. తిత్తి వైపు మూడోది వేసి, ధమనిని కొద్దిగా ఎత్తి పట్టుకున్నారు. ఎప్పటిలాగే నాళం మీద కత్తెర పెట్టే పని నాదే.

"తెంపు," అన్నారు.

కత్తెర నాళం దాకా పోయింది. తెరుచుకుంది. మూసుకోలేదు.

"తెంపయ్యా."

"కట్టాలె సార్," అన్నాను.

పెద్దసార్ తల వంచి ఆ రెండు ముళ్లనూ చూశారు. ఎంతసేపు చూశారో, నాకు మాత్రం ఆ వంగిన మెడ తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత సిస్టర్ దగ్గర దారం తీసుకున్నారు. తానే కడతారనుకున్నాను. దాన్ని నా చేతిలో పెట్టారు.

"కట్టు."

సూదితో గుచ్చి కట్టాను. దాని పక్కన మరొకటి కట్టాను. నేనే తెంపాను. ఆయన తిత్తిని ఒక పక్కకు ఒత్తి పట్టుకుని, నాకు దారి ఇచ్చి నిలబడ్డారు. అది ఇన్నాళ్లూ నేను నిలబడ్డ తీరు.

క్లారినెట్ ఆయన క్షేమంగా వార్డుకు చేరాడు. చేసింది సరైన పనేనని నా బుద్ధికి తెలుసు. కానీ గ్లవ్స్ విప్పుతుంటే, పదిమందిలో తండ్రి పంచె లాగినవాడిలా ఉంది నాకు. చేతులు కడిగే చోట పెద్దసార్ పక్క నల్లా తిప్పుకుని నిలబడ్డారు.

"ఎప్పటిసంది జూస్తున్నవు?"

"ఇయ్యాల్నే సార్."

"గట్లనా. మరి నర్సంపేటాయనకు నాలుగోది ఎందుకేసినవు? అంతకు ముంగట ఆ ముసలమ్మకు?"

నేను సబ్బు మీద శ్రద్ధ పెట్టాను.

"పక్క బల్ల మీద ముక్కను జూస్తున్ననుకున్నవు. జూసింది నిన్ను."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన నల్లా కట్టేసి, తడి చేతులు అట్లాగే ముందుకు పట్టుకుని మెల్లగా అన్నారు: "ఎనుకనుంచి నువ్వేస్తున్నవు గదా అని నేను కట్టుకుంట పోయిన. నువ్వెయ్యకపోతె ఎన్నడో బంద్ జేద్దును."

అంతవరకూ నాకు ఆయన దగ్గరే సిగ్గుగా ఉంది. ఆ మాటతో నర్సంపేటాయనా, ఆ ముసలమ్మా, వాళ్లకు ముందటివాళ్లూ వరసగా కళ్ల ముందు నిలబడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. ఆయనను వణికే చేత్తో బల్ల దగ్గర నిలబెట్టింది నా మర్యాదే.

ఆ తర్వాత ఆయన పెద్ద నాళం మీద దారం వేయలేదు. బల్లకు అవతలి పక్కకు మారి, నాకు సాయం పట్టేవారు. కొన్నాళ్లకు, ఒక ధమని మీద రెండో ముడి బిగిస్తూ, "నాది వదులైతే చెప్పండి సార్," అన్నాను.

"నువ్వు నాకు చెప్పినంత తొందరగనా?" అన్నారు.

మాస్కు వెనక సిస్టర్ నవ్వింది. ఆయనా నవ్వుతూనే అన్నారేమో, కళ్లు మాత్రం ముడి మీదే ఉన్నాయి. నేను కత్తెర పక్కన పెట్టి, దారం కొసలు రెండూ ఎత్తి, ముడి ఆయనకు కనబడేలా వెలుతురులోకి తిప్పాను. ఆయన వంగి చూసి తల ఊపిన తర్వాతే తెంపాను.