ధ్రువం మంచుకు నేను పెట్టిన కత్తి

2023 మే నెల. నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు పక్కన మా ఐసు ఫ్యాక్టరీ. మా ఆయన పోయిన దగ్గరి నుంచి, అంటే ముప్పై ఏండ్లుగా, దాన్ని నడిపేది నేనే. చదివింది మూడో తరగతి. అయినా ఏ గడ్డ అద్దంలా వస్తుందో, ఏది తెల్లగా వస్తుందో, ఎందుకొస్తుందో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునేదాన్ని.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. బ్రైన్ అంటే గడ్డకట్టకుండా బాగా చల్లబడే ఉప్పునీళ్ళు. అవి నింపిన తొట్టిలోకి మంచినీళ్ళు పోసిన పొడుగాటి రేకు డబ్బాలు దించుతాం. వాటిని క్యాన్లంటాం. క్యాన్లలోని నీళ్ళే ఐసు అవుతాయి. పక్కనే ఐస్‌క్రీము వాళ్ళకు బాడుగకిచ్చే కోల్డ్ రూము ఉంది. లోపల సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. దాని తలుపు ఒక్క నిమిషం ఎక్కువ తెరిచినా నేను ఊరుకోను. కరెంటు ఊరికే రాదు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఒక వ్యాను వచ్చి ఆగింది. నలభై ఏండ్ల ఆడమనిషి దిగింది. పేరు రాధిక అని, సైంటిస్టునని చెప్పింది. హైదరాబాదు నుంచి ఇంకా దక్షిణాన ఉన్న ఒక ల్యాబుకు పోతుంటే ఆళ్లగడ్డ దగ్గర వ్యానులోని ఫ్రీజరు ఆగిపోయిందట. అక్కడెవరో నా సంగతి చెబితే వెనక్కి తిరిగి వచ్చింది.

"ఒక్క పెట్టె లోపల పెట్టుకోవాలి, అవ్వా. వేరే బండి సాయంత్రానికి వస్తుంది."

"పెట్టెలో ఏముంది?"

"ఐసు."

"ఐసు ఫ్యాక్టరీకి ఐసు తెచ్చినావా? యాడ కొన్నావమ్మా?"

"కొనలేదు. దక్షిణ ధ్రువం దగ్గర మంచులోకి లోతుగా తవ్వి తీశాం."

మా ఫ్యాక్టరీలో ఇరవై ఏండ్లుగా పనిచేసే మద్దిలేటి పెట్టె ఎత్తుకుంటూ, "మన ఐసు నచ్చినట్టు లేదు పెద్దమ్మా, అంత దూరం పోయినారు" అన్నాడు. ఆమె నవ్వలేదు. పెట్టెకు తనూ ఒక చెయ్యి వేసింది. అప్పుడు నాకు అర్థమైంది, ఇది ఆటమాట కాదని.

పెట్టె లోపల పెట్టాక ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అడిగాను. అక్కడ పడిన మంచు కరగదట. ఏటికేడు పొరమీద పొర పడుతుందట. లోతుకు పోయేకొద్దీ పాతకాలం మంచు దొరుకుతుందట. ఆ గడ్డను నిలువునా కోసి ఒక సగం దాచిపెడతారట, ఇంకో సగం అడిగిన దేశాలకు ముక్కలు చేసి ఇస్తారట. అంత కష్టపడి తెచ్చింది పంచిపెట్టడమేమిటో నాకు ఎక్కలేదు.

"పోనీలే. కరిగిపోయినా దాచిన సగం ఉంది కదా?"

"ఇది ఆ దాచిన సగమే. పంచే సగాన్ని మేమూ ఇంకో దేశం వాళ్ళూ పంచుకున్నాం. దీని వయసు మాకొకటి వచ్చింది, వాళ్ళకొకటి వచ్చింది. ఏది నిజమో ఈ ముక్కే చెప్పాలి. అందుకే ఇద్దరికీ సంబంధం లేని ల్యాబుకు తీసుకుపోతున్నా."

"నీ లెక్క తప్పని తేలితే?"

"తప్పని రాసి అందరికీ పంపిస్తాను."

"అయితే ఈడనే కరిగిపోతే నీకే మేలు గదమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ఇంతలో ఫోను మోగితే సిగ్నలు కోసం రోడ్డు మీదికి పోయింది.

నేను కోల్డ్ రూములోకి పోయాను. పెట్టె మూత వదులుగా ఉంది. సర్దుదామని తీస్తే, ఒక ముక్క కవరు చిరిగి ఉంది. ఆ ముక్కలో అడ్డంగా నల్లటి చార. మా పనిలో ఐసులో మురికి కనిపిస్తే గిరాకీ వాపసు తెస్తాడు. అందుకే తుప్పో మట్టో కనిపిస్తే కత్తితో గీకి, శుభ్రం చేసి ఇవ్వడం మా మర్యాద. పాపం ఇంత దూరం మోసుకొచ్చింది, మురికి సరుకు ఇస్తే ఆ ల్యాబు వాళ్ళు ఏమంటారో అనుకున్నాను. కత్తి తీసుకుని ఒక పక్క గీకాను. చిన్న చెంచాడు పొడి వచ్చింది. పారేయడం నాకు అలవాటు లేదు కాబట్టి స్టీలు పళ్ళెంలో పట్టాను.

"అవ్వా, ఏం చేస్తున్నారు?"

వెనక ఆమె నిలబడి ఉంది.

"మురికి ఉంటే తీస్తాండా."

"అది మురికి కాదు. ఎప్పుడో పేలిన అగ్నిపర్వతం బూడిద. దాని వయసు చెప్పేది ఆ చారే."

కత్తి కింద పెట్టేశాను. ఆమె చేతులకు తొడుగులు వేసుకుని, పళ్ళెంలోని పొడిని ఒక సంచిలోకి, ముక్కను కొత్త కవరులోకి ఎత్తింది. తర్వాత బయటికి వచ్చి కాగితం తీసింది.

"ఏం రాస్తాండావు?"

"జరిగింది. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ కత్తితో, ఏ వైపు."

"ఎవరు చూసినారు గనక? మద్దిలేటి నోరు తెరవడు, నేనూ తెరవను. ఎందుకు రాయల్ల?"

"రాయకపోతే వాళ్ళు ఈ కత్తి ఇనుమును కూడా ధ్రువం మంచులోదే అనుకుంటారు. మీ పేరు రాయనులెండి, అవ్వా. ఐసు ఫ్యాక్టరీ యజమాని అని రాస్తా."

నంద్యాలలో ఐసు ఫ్యాక్టరీ ముసలిది తప్పు చేసిందని దేశదేశాలకూ కాగితం పోతుంది. సాయంత్రం వేరే బండి వచ్చేదాకా నేను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు నాది, అలిగింది నేను. అదీ అర్థం కాలేదు.

నాలుగు నెలలకు ఆమె ఫోను చేసింది.

"అవ్వా, తేలిపోయింది. నా లెక్కే తప్పు."

"నేను గీకినందుకా?"

"కాదు. మీరు గీకింది ఏ వైపో కాగితంలో రాసి ఉంది కాబట్టి దాన్ని వదిలేసి, అవతలి వైపు నుంచి తీసి చూశారు. సరిగ్గా తేలింది. అన్ని లెక్కలూ అందరికీ తెరిచి పెట్టేశాం, మీ కత్తి సంగతితో సహా."

ఆమె గొంతులో పండగ ఉంది. ఏండ్ల తరబడి చేసిన పని తప్పని తేలినందుకు ఇంత సంతోషం ఏమిటని అడగబోయి మానుకున్నాను. అడిగినా చెప్పేది నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ కాలేదు.

ఆ మరుసటి రోజు గడివేముల నుంచి జ్యూసు కొట్టు నడిపే సుబ్బరాయుడు వచ్చాడు. ఐసు ఉప్పగా ఉందని తగువు. అలాంటి తగువులకు నా దగ్గర ముప్పై ఏండ్లుగా ఒకటే జవాబు ఉంది: మీ ఊరి నీళ్ళే ఉప్పునీళ్ళు. ఆ జవాబు నోటిదాకా వచ్చింది.

"మా క్యానుకు చిల్లు పడిందప్పా. బ్రైన్ దూరింది. మంగళవారం నుంచి నాకు తెలుసు" అన్నాను.

సుబ్బరాయుడు తగువుకు తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే పెట్టుకుని నా వైపు చూశాడు. తర్వాత మద్దిలేటి వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఏందప్పా, అవ్వకు ఒంట్లో బాగలేదా?"